స్టార్ట్ అయిన పది సెకన్లకే ఆగిపోతున్న పాత పడవ మోటారు

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి జిల్లా తడ మండలం, పులికాట్ ఒడ్డున ఊరు. నాయనా నేనూ పడవ మీద వేటకి పోతాం. వానలకి ముందు చెన్నై వైపు నుంచి ఒక సెకండ్ హ్యాండ్ మోటారు కొన్నాం. 8 హార్స్ పవర్, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, తాడు లాగి స్టార్ట్ చేసేది. కొనేటప్పుడు ఒక్క లాగుకే స్టార్ట్ అయింది. ఆ తర్వాత రెండు మూడు నెలలు కొట్టంలో పెట్టేశాం. ఇప్పుడు చోక్ పూర్తిగా లాగితే, చాలాసార్లు లాగాక స్టార్ట్ అవుతుంది. పది సెకన్లు తిరిగి ఆగిపోతుంది. ఆ తర్వాత భుజం నొప్పి పుట్టేదాకా లాగినా లేవదు. ప్లగ్గు విప్పి రంధ్రంలో కొంచెం పెట్రోలు పోస్తే రెండు మూడు సార్లు టప్ టప్ మంటుంది, అంతే. ఒక మెకానిక్ పిస్టన్ రింగులు పోయాయి, సిలిండర్ లోపలి గోడ కోసి బోరు చేయించాలి, తొమ్మిది వేలు అవుతుందన్నాడు. ఊళ్లో ఇంకొకాయన సీడీఐ, అంటే ప్లగ్గుకి కరెంటు పంపే డబ్బా, మార్చమంటున్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలీక టెన్షన్‌గా ఉంది. ఉన్న డబ్బంతా మోటారుకే పెట్టేశాం.

జవాబు: తమ్ముడూ, ఆ తొమ్మిది వేలు ఇంకా ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. సీడీఐ కూడా కొనొద్దు. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది.

ప్లగ్గు రంధ్రంలో పెట్రోలు పోస్తే టప్ టప్ మంటోందని రాశావు. ప్లగ్గుకి కరెంటు రాకపోతే ఆ చప్పుడు రాదు. సిలిండర్‌లో ఒత్తిడి బొత్తిగా లేకపోయినా రాదు. కాబట్టి కరెంటు వస్తోంది, కంప్రెషన్ ఎంతో కొంత ఉంది. ఇక మిగిలింది పెట్రోలు. నువ్వు పోసింది మండుతోంది, మోటారు తనంతట తాను తెచ్చుకోవాల్సింది రావడం లేదు. పది సెకన్ల సంగతి కూడా అటే చూపిస్తోంది. కార్బరేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది, బౌల్ అంటారు. అందులో నిలవున్న కాస్త పెట్రోలుతో మోటారు కాసేపు తిరుగుతుంది. అది అయిపోయి కొత్తది రాకపోతే ఆగిపోతుంది. లేదా బౌల్ నిండానే ఉన్నా, పైకి పోయే సన్నటి దారి మూసుకుపోయి చోక్ బలంతో మాత్రమే తిరుగుతూ ఉండొచ్చు. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవాలి. దానికి పైసా ఖర్చు లేదు.

ముందు ఒక జాగ్రత్త. రంధ్రంలో ఉత్త పెట్రోలు పోయడం ఇక మానెయ్. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కి, బేరింగులకి నూనె అందేది పెట్రోల్లో కలిపిన ఆయిల్ నుంచే. ఉత్త పెట్రోలు పోసిన ప్రతిసారీ గోడల మీదున్న నూనె పొర కడుక్కుపోతుంది. రింగులు బాగున్నా, ఇలా పోసి పోసి నువ్వే అరగదీస్తావు. కొట్టంలో మూత తీసిన పెట్రోలు, పక్కనే ప్లగ్గు రవ్వ ఉంటే ఎంత ప్రమాదమో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ పనులన్నీ బయట, గాలి ఆడేచోట పెట్టుకో.

ఇప్పుడు ట్యాంకు దగ్గర మొదలుపెట్టు. మూత మీద గాలి స్క్రూ ఉంటుంది, అది తెరిచి ఉండాలి. ట్యాంకు నుంచి మోటారుకి పోయే పైపు మధ్యలో రబ్బరు బల్బు ఉంటుంది. దాని మీద బాణం గుర్తు మోటారు వైపు చూడాలి. పాత పైపు ఎవరైనా విప్పి తిప్పి బిగించి ఉంటే పెట్రోలు ఎదురు పోదు. బల్బుని నిలువుగా, బాణం పైకి ఉండేలా పట్టుకుని పిసుకు. కాసేపటికి గట్టిపడాలి. ఎంత పిసికినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని వాల్వు పోయింది. నొక్కాక అలాగే చప్పిడిగా ఉండిపోయి మళ్లీ ఉబ్బకపోతే, ట్యాంకు వైపు దారి మూసుకుపోయింది. గాలి స్క్రూ, ట్యాంకు లోపలి జల్లెడ, ఆ పైపు చూడాలి. పాత మోటార్లలో నేను మొదట అనుమానించేది, పైపు మోటారుకి తగిలే క్లిప్పులోని చిన్న రబ్బరు రింగుని. అది ఎండి పగిలితే పెట్రోలు బయటికి కారకపోయినా, గాలి లోపలికి పోతుంది. బయటికి ఏమీ కనిపించకపోవచ్చు కాబట్టి జనం దాన్ని వదిలేసి బోరు దాకా పోతారు.

బల్బు గట్టిపడ్డాక స్టార్ట్ చెయ్. కానీ నేల మీద ఉత్తినే తిప్పొద్దు. నీళ్ల పంపు లోపల రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది, నీళ్లు లేకుండా తిరిగితే కొద్ది సెకన్లలోనే కాలిపోతుంది. పెద్ద నీలం డ్రమ్ము పైభాగం కోసి, మోటారుని దాని అంచుకి గట్టి చెక్కతో బిగించి, నీళ్లలో తిరిగే ఫ్యానుకి పైన ఉండే అడ్డ పలక మునిగేదాకా నీళ్లు నింపు. ఫ్యాను విప్పేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టు. లేదంటే ఒడ్డున పడవకే బిగించుకో, కానీ బురద రేగని లోతుండాలి.

ఆగిపోబోతున్నప్పుడు చెవి పెట్టి విను. స్విచ్చి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగిందా, లేక నీరసించి దగ్గి దగ్గి ఆగిందా? నీరసించి ఆగితే పెట్రోలు. ఠక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. ఈ ఒక్క తేడా తెలుసుకుంటే ఎన్ని వేలు మిగులుతాయో చెప్పలేను. నీరసించడం మొదలవగానే రెండో మనిషి చేత బల్బు పిసికించు. పిసుకుతుంటే తిరిగి, ఆపగానే ఆగిపోతుంటే, దోషం దాదాపుగా మోటారుకుండే పెట్రోలు పంపులో ఉన్నట్టే. ఆ పంపులో పల్చటి డయాఫ్రం ఉంటుంది. పిస్టన్ కింది గదిలో, అదే క్రాంక్ కేసులో, ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది లోపలికీ బయటికీ ఊగి పెట్రోలుని తోస్తుంది. ఏళ్ల తరబడి వాడితే గట్టిపడుతుంది లేదా చిరుగుతుంది. దానికి కిట్ దొరుకుతుంది, రెండు మూడు స్క్రూల పని. పిసికినా మార్పు లేకపోతే తర్వాతి పరీక్షకి రా.

ఇదే అసలైన పరీక్ష. మోటారు ఆగిపోయిన వెంటనే, బల్బు ముట్టుకోకుండా, కార్బరేటర్ బౌల్ కింద ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, చిన్న గాజు సీసాలో పట్టు. ఏమీ రాకపోతే, లేక చుక్కలు మాత్రం రాలితే, పెట్రోలు బౌల్ దాకా రావడం లేదు. పైపు, ఫిల్టరు, పంపు, బౌల్ లోపలి సూది వాల్వు, ఈ వరసలో చూడు. బౌల్ నిండా వస్తే, పెట్రోలు ఉంది, దాన్ని పైకి పంపే సన్నటి రంధ్రాల ఇత్తడి ముక్కలు, అంటే జెట్లు, మూసుకుపోయాయి. నువ్వు రెండు మూడు నెలలు కొట్టంలో పెట్టావన్నావు. కాబట్టి నా అంచనా ఈ రెండోదే. ఆ సీసాని కదపకుండా కాసేపు పక్కన పెట్టు. అడుగున వేరే పొర తేలినా, మబ్బు పట్టినట్టున్నా అందులో నీళ్లున్నాయి.

నీళ్లు ఎక్కడివని అడుగుతావు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. పులికాట్ ఒడ్డున గాలిలో తేమకి లోటు లేదు, అందులోనూ వానాకాలం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు నెలల తరబడి ఉంటే తేమ పేరుకుంటుంది. ఒక హద్దు దాటాక ఇథనాలూ నీళ్లూ కలిసి విడిపోయి అడుక్కి చేరతాయి. పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. బౌల్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరైపోతే దాంట్లోని ఆయిలూ జిగురూ జెట్లలో అంటుకుపోతాయి. అందుకే పాత పెట్రోలుకి కొత్తది కలిపి వాడుకుందామనుకోవద్దు. ట్యాంకు పూర్తిగా వంపేసి, కడిగి, ఆరబెట్టి, కొత్తది పోయి. ఆ పాత పెట్రోలుని సరస్సులో మాత్రం పారబోయొద్దు. ఆ రొయ్యా చేపా మీద బతికేది మనమే.

కార్బరేటర్ విప్పడం గురించి కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇక్కడే బాగున్న మోటార్లు కూడా పాడవుతుంటాయి. విప్పే ముందు ఫోన్‌లో నాలుగు వైపులా ఫొటోలు తీసుకో. పక్కన చిన్న స్ప్రింగు ఉన్న పైలట్ స్క్రూ ఉంటుంది. దాన్ని తీసే ముందు మెల్లగా లోపలికి, ఆనేదాకా తిప్పుతూ ఎన్ని చుట్లు పోయిందో లెక్కపెట్టి రాసుకో, మళ్లీ అన్నే చుట్లు వెనక్కి విప్పి పెట్టాలి. ఆనాక బలంగా బిగిస్తే దాని మొన పాడవుతుంది. బౌల్ తీశాక ఫ్లోటుని, అంటే పెట్రోల్లో తేలే బుడ్డిని, చెవి దగ్గర ఊపి చూడు, లోపల పెట్రోలు కదిలే చప్పుడొస్తే అది చిల్లుపడింది. మెయిన్ జెట్, సన్నటి పైలట్ జెట్ విప్పి ఎండకెత్తి చూడు. గుండ్రంగా వెలుతురు కనిపించాలి. మసకగా ఉన్నా, అసలు కనిపించకపోయినా అదే నీ జబ్బు.

దాన్ని గుండుసూదితోనో ఇనప తీగతోనో పొడవొద్దు. జెట్ ఇత్తడిది. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు ఎక్కువ పోతుంది, ఆ తర్వాత కొత్త జెట్ వేసేదాకా మోటారు సరిగా తిరగదు. మీ ఇంట్లో వల అల్లే నైలాన్ దారం ఉంటుంది, సన్నటి పోగు తీసుకుని దాంతో తుడువు. కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి కాసేపు నాననిచ్చి, పంక్చర్ షాపులో గాలి పట్టించు. బాడీలో ఉండే ప్రతి సన్నటి దారిలోంచీ గాలి అవతలికి వస్తోందో లేదో వేలు పెట్టి చూసుకో. స్ప్రే కొట్టేటప్పుడు కళ్లకి అద్దాలు పెట్టుకో, అది ఎదురు చిమ్ముతుంది. రబ్బరు భాగాలు ముందే తీసి పక్కన పెట్టు, లేకపోతే ఉబ్బుతాయి. పని చేతకాదనిపిస్తే తడలోనో సూళ్లూరుపేటలోనో బైకుల కార్బరేటర్లు చూసే మంచి మెకానిక్ చాలు, ఈ పనికి చెన్నై పోనక్కర్లేదు.

ఇక రింగులన్న మాట. ఆ మెకానిక్ కంప్రెషన్ గేజీ, అంటే సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు, పెట్టి చూశాడా? నీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. గేజీ పెట్టకుండా బోరు పోయిందనే వాళ్లకి డబ్బివ్వకూడదు, ఎంత అనుభవం ఉన్నా సరే. నేనైతే కంప్రెషన్‌ని మోటారు కొనే రోజే చూస్తాను, ఎందుకంటే మిగతా రిపేర్లన్నీ వందల్లో పోతాయి, ఇదొక్కటే వేలల్లో. ఇప్పుడైనా చూసుకుంటే నీ మనసు కుదుటపడుతుంది. రెండు ప్లగ్గులూ విప్పి, వాటి వైర్లు ప్లగ్గులకే తగిలించి ఇంజిన్ ఇనుముకి ఆనించు, లేదా కిల్ స్విచ్ క్లిప్పు, అదే తీస్తే మోటారు ఆగిపోయే క్లిప్పు, తీసెయ్. వైర్లు గాలిలో వదిలేసి తాడు లాగితే కాయిల్‌కి, సీడీఐకి దెబ్బ. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, గేజీ ఒక రంధ్రంలో బిగించి, ముల్లు ఇక పెరగదనేదాకా ఒకే బలంతో లాగు. రెండో సిలిండర్‌కీ అలాగే. పెట్రోలు మోటారైతే 100 పీఎస్ఐ దరిదాపుల్లోనో, పైనో ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. 90కి దిగువన ఉంటే అరిగిందనుకోవాలి. ఆ అంకె కంటే నాకు ముఖ్యం రెంటికీ మధ్య తేడా. అది పదో వంతు దాటకూడదు. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ రంధ్రంలో పెట్రోల్లో కలిపే ఆయిల్ చెంచాడు పోసి మళ్లీ చూడు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ని, అంటే సిలిండర్ మూత కింద ఉండే సీలుని, అనుమానించాలి. గ్యాస్కెట్‌కి బోరు చేయించనక్కర్లేదు.

ఒక మాట. కొన్నది కిరసనాయిలు మోడలేమో చూసుకో. మన తీరంలో తిరిగే పాత మోటార్లలో అవి చాలానే ఉన్నాయి. వాటికి కంప్రెషన్ తయారీలోనే తక్కువగా ఉంటుంది, గేజీలో తక్కువ అంకె చూసి బోరు పోయిందనుకోకూడదు. వాటిని వాడే పద్ధతీ వేరు. పెట్రోలు మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలుకి తిప్పాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకి తిప్పి, బౌల్‌లో కిరసనాయిలు అయిపోయేదాకా తిప్పి ఆపాలి. కిరసనాయిలు మీదే ఆపేస్తే చల్లారాక బౌల్ నిండా అదే ఉంటుంది, అప్పుడు ఎవరు లాగినా లేవదు.

సీడీఐ సంగతి. పాతదంటే ముందు సీడీఐ మీద పడటం అలవాటైపోయింది, అది ఖరీదైన పార్టు కూడా. ముందు ప్లగ్గులు కొత్తవి వేసి చూడు, మోటారు మీద రాసిన నంబరువే తీసుకో, షాపులో ఇచ్చింది తెచ్చుకోవద్దు. ప్లగ్గుని వైరుకి తగిలించి, దాని ఇనప ఒంటిని ఇంజిన్‌కి ఆనించి, రంధ్రాలకి దూరంగా పెట్టి, కిల్ స్విచ్ క్లిప్పు పెట్టి తాడు లాగు. నీడలో చూస్తే నీలం రవ్వ చటుక్కున కనబడాలి. పసుప్పచ్చగా, బలహీనంగా ఉంటే అప్పుడు కరెంటు వైపు పోదాం. రవ్వే రాకపోతే కూడా ముందు చూడాల్సింది స్టాప్ స్విచ్చి. ఉప్పుగాలికి దాని లోపల చిలుము పట్టి, వైరు ఎప్పుడూ ఆపేసినట్టే ఎర్త్ అవుతుంటుంది. ఆ స్విచ్చి వైరు విడదీసి మళ్లీ లాగు, రవ్వ వస్తే సీడీఐ బాగుంది, స్విచ్చి పోయింది. ఇది పరీక్షకి మాత్రమే. వైరు విడదీసి పడవ ఎక్కొద్దు, నీళ్లలో పడితే మోటారుని ఆపే దారి ఉండదు.

తాడు లాగేటప్పుడు అది వెనక్కి చేతిని గుంజుతోంటే వేరే అనుమానం ఉంది. ఫ్లైవీల్ కింద చిన్న ఇనప కీ ఉంటుంది. ఫ్యాను దేనికైనా గట్టిగా తగిలితే అది తెగి టైమింగ్ జరుగుతుంది, రవ్వ వస్తుంది గానీ రావాల్సిన వేళకి రాదు. మీ దగ్గర నీళ్లు లోతు తక్కువ, ఎండాకాలంలో మరీను, అడుగు తగలడం మామూలే. ఇదీ చూడదగ్గదే, కానీ నీ లక్షణాలు అటు చూపించడం లేదు.

జెట్లు శుభ్రం చేశాక మొదటిసారి స్టార్ట్ చేసే పద్ధతి: కిల్ స్విచ్ క్లిప్పు, తెరిచిన గాలి స్క్రూ, గట్టిపడిన బల్బు, న్యూట్రల్, యాక్సిలరేటర్ స్టార్ట్ గుర్తు దగ్గర, చోక్ పూర్తిగా. రెండు మూడు లాగులకి దగ్గుతుంది, అప్పుడు చోక్ సగం చెయ్, తిరిగాక పూర్తిగా తోసెయ్. వేడి మోటారుకి చోక్ వాడొద్దు. మోటారు ఆగిపోయాక కూడా నువ్వు చోక్ లాగే ఉంచి తాడు లాగుతున్నావనుకుంటా, అందుకే భుజం నొప్పి. అలా లాగితే ప్లగ్గులు పెట్రోల్లో తడిసిపోతాయి. తడిస్తే పెట్రోలు పైపు విడదీసి, ప్లగ్గులు విప్పి, వాటి వైర్లు మళ్లీ ఎర్త్ చేసి, యాక్సిలరేటర్ తెరిచి కొన్నిసార్లు లాగు, లోపలిదంతా బయటికి పోతుంది. ప్లగ్గులు తుడిచి ఆరబెట్టి పెట్టు. ముందు చేత్తో తిప్పి బిగించాకే పానా వాడు, హెడ్ అల్యూమినియం, మర పోతే పెద్ద ఖర్చు.

ఆయిల్ సంగతి మర్చిపోవద్దు. బైకుల టూటీ ఆయిల్ కాదు, డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న పడవ మోటారు ఆయిల్ వాడు. మోటారు మీద 50:1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, పది లీటర్లకి 200. కొన్ని పాత మోడళ్లకి ఇంకా ఎక్కువ కావాలి, మోటారు మీదో మాన్యువల్లోనో ఉన్నదే కలుపు. తిరుగుతున్నప్పుడు వెనక నుంచి సన్నటి నీటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపు, బురదతో దారి మూసుకుపోయి ఉంటుంది లేదా ఇంపెల్లర్ పోయి ఉంటుంది. గేర్ ఆయిల్ కూడా కొంచెం వదిలి చూడు, పాలలా తెల్లగా ఉంటే సీలు నుంచి నీళ్లు పోతున్నాయి.

కొన్న రోజు ఒక్క లాగుకే లేచిందన్నావు కదా. నువ్వు వెళ్లేసరికి సిలిండర్ వెచ్చగా ఉందా? అమ్మేవాళ్లు ముందే తిప్పి వేడిచేసి ఉంచితే చల్లటి స్టార్టింగు జబ్బు దాగిపోతుంది. అలాగే జరిగిందని నేను అనడం లేదు. మీ ఊళ్లో ఇంకెవరైనా పాత మోటారు చూడ్డానికి పోతుంటే మాత్రం, ముందు చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉంటే చల్లారేదాకా కూర్చోమని చెప్పు.

ఇక మీదట రెండు రోజులకి మించి పడవ తీయకపోతే, పెట్రోలు పైపు విడదీసి, బౌల్‌లో ఉన్నది అయిపోయి దానంతట అది ఆగేదాకా తిప్పు. డ్రమ్ములో మంచినీళ్లు పోసి ఆ పనీ అక్కడే చేస్తే లోపలి ఉప్పు కూడా కడుక్కుపోతుంది. వానలప్పుడు కాళంగి నది నీళ్లు చేరి సరస్సు కాస్త తియ్యబడుతుంది గానీ, వేసవిలో ఉప్పు బాగా ఎక్కుతుంది. అప్పుడు ఈ పని ఏ ఒక్క రోజూ మానొద్దు. బాగైన మోటారుతో మొదటి రోజు ఒడ్డు కనిపించే దూరంలోనే తిరుగు, తెడ్డూ గడా పడవలోనే ఉంచు, నాయనకీ నీకూ లైఫ్ జాకెట్లు.

సీసాలో పట్టిన పెట్రోలు ఎలా ఉంది, బౌల్ నిండా వచ్చిందా లేదా, గేజీ రెండు సిలిండర్లకీ ఎంత చూపించింది, ఆగేటప్పుడు ఎలా ఆగింది, ఇవి నాలుగూ రాసి పంపు. జెట్లు కడిగాక కూడా లేవకపోతే అక్కణ్నుంచి ముందుకి చూద్దాం. అప్పటిదాకా బోరు మాటెత్తిన ఆయనకి మోటారు అప్పజెప్పొద్దు.